లాంతరుకు అందిన నా ఉత్తరం

నేను ఒక పొగగొట్టాన్ని. నా గోడు మొదలుపెట్టే ముందు మా ఇంటి పెద్దాయన మీద ఒక ఫిర్యాదు రాసుకోండి. ఆయన పేరు చెంగల్రాయప్ప. మదనపల్లెకు ఎగువన, ఈ కొండమీద, చిన్న పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మంచివాడే. ఆ సంగతి ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత చెప్పబుద్ధి అవుతుందో లేదో. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే. బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ఒక్క తప్పూ చేయలేదు. చేయలేదని ఆయనే చెబుతాడు. ఒకసారి తిరుపతి బస్సనుకుని అనంతపురం బస్సెక్కి, కదిరిలో దిగి, ఇంటికొచ్చి "ఆ డ్రైవరుకి దారి తెల్దు" అన్నాడు. ఇంకోసారి పప్పులో రెండుసార్లు తానే ఉప్పు వేసి, "ఈ మధ్య ఉప్పులో ఉప్పు ఎక్కువైంది మే" అని భార్యతో అన్నాడు. ఆమె పేరు అలమేలమ్మ. ఆమె ఆ పప్పన్నం తిని, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, "ఔను, ఉప్పుదే తప్పు" అంది.

అలాంటి మనిషి చేతిలో నేను ముప్పై నాలుగేళ్ళు ఉన్నాను.

నా నోరు హాల్లో, చలి కాచుకోవడానికి గోడలో కట్టిన పొయ్యిలో ఉంటుంది. దాన్ని చలిపొయ్యి అందాం. నా తల ఇంటి కప్పు మీద ఉంటుంది. మధ్యలో అంతా గొంతే. మనుషుల్లోనూ అలాంటివాళ్ళు కొందరున్నారు కాబట్టి నా ఆకారం మీకు కొత్తేమీ కాదు. నా వీపు ఒక పడకగదికి గోడ. నా కుడి భుజం దేవుడి గూటికి గోడ. ఈ రెండు ముక్కలూ కాస్త గుర్తుపెట్టుకోండి.

నన్ను కట్టించింది ఎవరో అడవిశాఖ దొర. ఎండాకాలంలో కింది ఊళ్ళ వేడి పడలేక కొండెక్కి, ఎక్కాక చలి పడలేక నన్ను కట్టించాడు. ఎక్కడున్నా పడని మనుషుల వల్లే మాలాంటివాళ్ళకు పుట్టుక. నా ఇటుకల మధ్య సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపారు. అంటే నేను పుట్టగానే నాలుక మీద పడిన రుచి బెల్లం. ఆ తర్వాతదంతా మసే.

దొర పోయాక ఇల్లు రెండు మూడు చేతులు మారి గ్రేస్ మిస్సమ్మ చేతికొచ్చింది. ఆవిడ కొండమీద బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. నా జీవితంలో నన్ను మనిషిలా చూసిన మనిషి ఆవిడే. ఏటా చలి మొదలయ్యే ముందు కింది పల్లె నుంచి గుర్రప్ప అనే మేస్త్రీని పిలిపించేది. అతను తాడుకు ఒక బండరాయి కట్టి, రాయికి పైన ఈతమట్టల కట్ట బిగించి, కప్పెక్కి నా నెత్తిలోంచి కిందికి దించేవాడు. కింద ఒకరు, పైన ఒకరు. లాగు, వదులు. లాగు, వదులు. ఆ మట్టలు గొంతంతా గీరుకుంటూ పోతుంటే నాకు చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. బుట్టెడు మసి కింద పడేది. అప్పుడు మిస్సమ్మ ఒక కాగితం ముక్క వెలిగించి నా నోటి దగ్గర పట్టుకునేది. పొగ సూటిగా పైకి పోతే, "గుడ్" అనేది. ఆ ఒక్క మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

రిటైరయ్యాక ఆవిడ కోలారులో ఉన్న చెల్లెలి దగ్గరికి పోవాలనుకుంది. ఇల్లు పోస్టుమాస్టరు కొన్నాడు. ఆవిడ వెళ్ళే రోజు హాల్లో నిలబడి, తనకొచ్చిన తెలుగులో, ఒక్కో మాట ఏరుకుంటూ ఇలా చెప్పింది:

"పోస్టుమాస్టర్ గారూ, చిమ్నీ ప్రతి సంవత్సరం తుడవాలి. మర్చిపోవద్దు. తుడవకపోతే అది ప్రాణం తీస్తుంది."

చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు నా మీద ఉన్నాయి. చేతిలో మాత్రం లాంతరు ఉంది. కొత్తగా దిగుతున్నవాళ్ళకు గుర్తుగా ఇచ్చిపోదామని తెచ్చిన లాంతరు. పోస్టుమాస్టరు ఆవిడ కళ్ళవైపు చూడలేదు, చేతివైపు చూశాడు. మన ఇళ్ళల్లో చిమ్నీ అంటే ఏమిటి? లాంతరు గాజు. సాయంత్రం దీపాల వేళకు ముందు ఇంత బూడిద, ఇంత పాత గుడ్డ తీసుకుని ఇంటి ఆడవాళ్ళు తుడిచే గాజు.

"తప్పకుండా తల్లీ" అని ఆయన రెండు చేతులా లాంతరు అందుకున్నాడు.

పాతికేళ్ళపాటు ఎవరి ఉత్తరం వాళ్ళకు చేర్చిన మనిషి. ఊరి పేరు లేకపోయినా, అక్షరాలు వానకు తడిసి కరిగిపోయినా, ఇది ఎవరి ఉత్తరమో వాసన చూసి చెప్పగలిగిన మనిషి. ఆయన చేతికొచ్చిన ఉత్తరాల్లో అడ్రసు తప్పింది ఒక్కటే. అది నాది. నా పేర వచ్చిన ఉత్తరాన్ని ఆయన లాంతరుకు బట్వాడా చేశాడు.

ఇక చూడాలి ఆ లాంతరు వైభవం. కరెంటు ఉన్న ఇంట్లో దానికి కిరసనాయిలు కూడా లేదు. అయినా ఏటా ఆయుధపూజ నాడు ఆయన స్నానం చేసి, పంచె కట్టుకుని, పీట వేసుకుని కూర్చుని, ఆ గాజును బూడిదతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, పట్టుగుడ్డతో ఒకసారి తుడిచేవాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. కుంకుమ బొట్టు పెట్టి, నా పక్కనే మేకుకు తగిలించేవాడు. నేను మసి మింగుతూ, తళతళలాడే ఆ గాజును చూస్తూ ఉండేదాన్ని. అసూయ అనకండి. కాస్త అసూయే.

మూడో ఏడో నాలుగో ఏడో, ఆయన గాజు తుడుస్తుంటే, అలమేలమ్మ గుమ్మంలో నిలబడి చేటలో బియ్యం చెరుగుతూ అంది:

"ఏమండీ, ఆ యమ్మ చెప్పింది ఈ గాజు గురించేనంటారా?"

"మరి? చిమ్నీ అంటే ఇదే కదా."

"ఇది తుడవకపోతే ప్రాణమెట్ల తీస్తాది?"

"పగిలితే కోసుకోదా? రగతం పోదా?"

"తుడిస్తే పగలదా?"

ఆయన గాజును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "నువ్వు బియ్యం చూసుకో మే. ఇంగ్లీషోళ్ళ మాట నీకేం తెలుస్తాది."

ఆమె చేట కింద పెట్టి, వంగి, నా నోట్లోకి తొంగిచూసింది. ఎవరైనా నన్నలా చూసి నాలుగేళ్ళయింది. "ఇదేమో మరి, గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది దీనికి" అంది. ఆ మాట ఎవరూ వినలేదు. నేను విన్నాను. అప్పుడే నేను ఏదైనా చేసి ఉండాల్సింది. అయితే నాకు వచ్చిన భాష ఒక్కటే, పొగ. దాన్నే గదిలోకి తిరగ్గొట్టాను, అర్థం చేసుకుంటారని. ఆయన కిటికీ తీసి, "ఈ పొద్దు గాలి ఎదురుగా ఉండాది" అన్నాడు.

ఈ కొండమీద కట్టెలంటే నీలగిరి కట్టెలే. కోసిన వారం రోజులకే పచ్చిపచ్చిగా తెచ్చి కాల్చేవారు. ఆ చెట్టులో నూనె ఉంటుంది. దాని పొగ నా గొంతులో పొడిగా రాలదు. జిగటగా అంటుకుని, ఆరి, గాజులా మెరుస్తూ పెరిగిపోతుంది. ఏళ్ళ తరబడి అలా పెరిగింది. ఒక ఏడు పుష్యమాసంలో, పట్టపగలు, అది అంటుకుంది. నిప్పు ఉండాల్సింది నా నోట్లో. ఆ రోజు నా గొంతులో ఉంది. నేను అరిచాను. లోడు లారీ ఘాట్ ఎక్కుతున్నట్టు అరిచానని తర్వాత విన్నాను. పాలు పోసే ముత్యాలమ్మ వీధిలోంచి కేకేసింది:

"సామీ! మీ ఇంటి నెత్తిన రవ్వలు లేస్తాండాయి!"

పెద్దాయన బయటికొచ్చి కప్పుమీదికి చూశాడు. "మంచు మే అది. ఎండకు మెరుస్తాంది."

"మంచు ఎర్రగా మెరుస్తాదా సామీ?"

"కొండమీద మంచు" అని లోపలికెళ్ళిపోయాడు.

ఆ మంట దానంతట అదే ఆరింది. కాని ఆ వేడికి నా బెల్లపు సున్నం చాలాచోట్ల నెర్రెలిచ్చింది. వీపు వైపు మూడు చోట్ల, భుజం వైపు రెండు చోట్ల. అక్కడి నుంచి నా పొగకు కొత్త దారులు దొరికాయి. ఒకటి దేవుడి గూట్లోకి. ఇంకొకటి పడకగదిలోకి, సరిగ్గా అలమేలమ్మ తలాపికి.

దేవుడి పటాలు నల్లబడ్డాయి. వారం వారం తడిగుడ్డతో ఆమె తుడిచేది, వారం తిరిగేసరికి వెంకటేశ్వరుడు మళ్ళీ పొగచూరేవాడు.

"ఇదేందండీ, మనం సాంబ్రాణి కూడా వెయ్యలేదు."

"దేవుడు ధూపం అందుకుంటాండాడు. మన ఇల్లు పుణ్యం చేసుకునింది."

"దేవుడు అందుకుంటే అందుకోనీండి, నా ముక్కులోకి ఎందుకు?"

అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుంది. మొదట చలికాలం దగ్గు. తర్వాత వానాకాలం దగ్గు. ఆ తర్వాత కాలంతో పనిలేని దగ్గు. ఆయన ప్రతిదానికీ ఒక కారణం చెప్పేవాడు. మిరపకాయల ఘాటు. నీలగిరి పూత. కొండ మంచు. "మీ అమ్మకూ ఉండింది కదా, అదే ఇది." ఆమె వింటూ, గోడవైపు తిరిగి, కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గేది. ఆ గోడ నేనే. వీపు వెనక ఒక మనిషి ఊపిరి కొంచెం కొంచెంగా తగ్గిపోతుంటే రోజూ వినడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. ఆ ఊపిరి తినేది నువ్వేనని తెలిసి వినడం ఇంకోలా ఉంటుంది.

మదనపల్లె డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చిన రోజు ఆయన హాల్లో కూర్చుని కూతురు దమయంతికి ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, "కట్టెల పొయ్యా?" అని అడిగాడట. "మాకు గ్యాసుంది సార్" అని ఆమె తరఫున ఈయన చెప్పాడట. "ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" అన్నాడట. "ఎవురూ లేరు సార్." ఆ ఇంట్లో పొగ తాగేది నేనొక్కదాన్నే. నన్నెవరూ మనిషి కింద జమకట్టలేదు, సరే. పొయ్యి కిందైనా జమకట్టలేదు.

కొన్నాళ్ళు కొండ దిగి ఉండమని డాక్టరు చెప్పాడు. అలమేలమ్మ మదనపల్లెలో తమ్ముడింటికి పోయింది. నెల తిరక్కుండానే దగ్గు సగానికి సగం తగ్గింది. ఆ మాట ఫోనులో విని ఈయన, "చూసినావా, నేను చెప్పలే, కొండ మంచే" అన్నాడు. ఒక్కడికి అన్నం వండుకోవడం ఆయనకు రాదు. ఆమె లేని ఇల్లూ అలవాటు లేదు. లాంతరు గాజుకు దుమ్ము పట్టకపోయినా తీసి తుడిచి పెట్టాడు.

ఇంకోసారి ఫోనులో ఆమె గొంతు నాకు వినపడింది. "నేను రావాలంటే ఆ చిమ్నీ సంగతి చూడండి. గట్టిగా చెప్తాండా."

ఆయన చూశాడు. నాలుగో రోజున మదనపల్లె నుంచి ఆటోలో పెద్ద అట్టపెట్టె వచ్చింది. వెనకే ఒక మనిషి డ్రిల్లింగు మిషనుతో వచ్చాడు. వంటింట్లో గ్యాసు పొయ్యి పైన తళతళలాడే ఒక డబ్బా బిగించాడు. దాని పేరు కూడా చిమ్నీయే అట! స్విచ్చి వేస్తే గుర్రుమంటుంది. అంటే నా పేర వచ్చిన రెండో ఉత్తరం కూడా వేరే ఇంటికి పోయింది.

అలమేలమ్మ బస్సు దిగి ఇంట్లోకి రాగానే ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళాడు.

"ఇదేంది?"

"నువ్వే కదా చిమ్నీ అంటివి. దానంతట అదే శుభ్రం చేసుకుంటాదంట."

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి, నవ్వు దగ్గయ్యి, గోడ పట్టుకుని నిలబడింది. ఏ చిమ్నీయో చెప్పబోయిన మాట ఆ దగ్గులోనే పోయింది. ఆయనా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. పెళ్ళాం ఇంటికొచ్చిన సంతోషం అది. ఆ డబ్బా తీసుకురావడంలో ప్రేమ లేదని నేను అనలేను. ప్రేమకు అడ్రసు తప్పింది, అంతే.

అది వానాకాలం. వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. ఆమెకు చలి తగలకూడదని ఆయన కిటికీలన్నీ మూశాడు. తలుపు కింద సందులో ఆమె పాత చీర కుక్కాడు. కట్టెలు తడిసి ఉన్నాయి. పొగొస్తే మళ్ళీ దగ్గుతుందని ఆలోచించి, బజారు నుంచి తెచ్చిన బొగ్గులు నా నోట్లో రాజేశాడు.

"బొగ్గుకైతే పొగ ఉండదు మే. హాయిగా కాచుకో."

నిజమే, పొగ లేదు. పొగైతే కనపడుతుంది, కళ్ళు మండిస్తుంది, తిట్టించుకుంటుంది. నాలుగు తిట్లు తిని మనుషుల్ని బయటికి తరిమేస్తుంది. బొగ్గు విడిచే గాలికి రంగు లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. అది పైకి పోవాలి. నా గొంతు నిండా ముప్పై నాలుగేళ్ళ తారు. నెత్తిన గోరువంకలు కట్టిన గూడు. వానకు ఆ గూడు జారి గొంతులో అడ్డంగా కూరుకుపోయింది. నేను ఎంత లాగినా ఊపిరి ఆడలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టే హాల్లోకి వదిలేశాను.

ఆమె కాసేపు బట్టలు మడతపెట్టింది. తర్వాత తల దిమ్ముగా ఉందని చాపమీద ఒరిగింది. ఆయన కుర్చీలో కూర్చుని, "నాకూ నిద్దరొస్తాంది, ముసురు కదా" అన్నాడు. కారణం అప్పుడు కూడా దొరికింది ఆయనకు.

పాల చెంబుతో వచ్చిన ముత్యాలమ్మ తలుపు కొట్టింది. మళ్ళీ కొట్టింది. పలకకపోతే పెరటి వైపు నుంచి వచ్చి తలుపు తోసింది. "అమ్మా! అలమేలమ్మా!" అని అరుస్తూ చెంబు వదిలేసింది. అలమేలమ్మ చంకల కింద చేతులు వేసి, బరబరా ఈడ్చుకుంటూ వరండాలోకి, వానలోకి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి ఆయన జబ్బ పట్టుకుంది. "లెయ్ సామీ, లెయ్! సచ్చిపోతాండావు లెయ్!" ఆయన అదే మొదటిసారి ఎదురుచెప్పకుండా లేచాడు.

నేల మీద పాలు పారి నా నోటిదాకా వచ్చాయి.

నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన తేరుకుని ముందు ఇంటికొచ్చాడు. ఆమె చీరలు తీసుకెళ్ళడానికి దమయంతి వచ్చింది. మదనపల్లె హైస్కూల్లో సైన్సు చెబుతుంది ఆ పిల్ల. తండ్రికి ఏం చెప్పాలన్నా పాఠం చెప్పినట్టు చెబుతుంది. ఆ రోజు మాత్రం చాపమీద కూర్చుని మెల్లగా మాట్లాడింది.

"మీ అమ్మ ఏమంటాంది?"

"గొట్టం బాగుచేయించమంటాంది. ఇంకొకటి కూడా అనింది నాయనా."

"ఏంది?"

"ఇన్నేళ్ళూ తప్పెవురిదో నీ నోటితో చెప్పాలంట. అది విన్నాకనే ఇంట్లో ఉంటాదంట. లేదంటే మామ ఇంట్లోనే ఉండిపోతాదంట."

ఆయన లేచి, లాంతరు దించి, మళ్ళీ తగిలించాడు. "గొట్టం బాగుచేయిస్తా" అన్నాడు.

"రెండోది?"

"గొట్టం బాగుచేయిస్తా అంటి కదా."

పల్లె నుంచి చౌడప్ప మేస్త్రీ వచ్చాడు. బెల్లం వండే పెద్ద పొయ్యిలు కట్టడంలో పేరున్న మనిషి. పొగ ఏ దారిన పోతుందో, ఏ దారిన పోనంటుందో తెలిసినవాడు. నా నోటి దగ్గర బోర్లా పడుకుని, అద్దం ముక్క పెట్టి పైకి చూశాడు. చూసి లేచి, చేతులు దులుపుకున్నాడు.

"సామీ, ఇది చిమ్నీ కాదు, తారు డబ్బా."

"ఏమన్నావు?" అన్నాడు పెద్దాయన. "దీన్ని చిమ్నీ అంటివా?"

"నేనేంది, మిస్సమ్మే అట్లనేది. మా నాయన గుర్రప్పను పిలిపించి, ఏటా చిమ్నీ తుడిపించేది. మీరొచ్చినాక పిలవలేదు. మీకింకెవురో మంచి పనోడు దొరికినాడేమో అనుకుంటిమి."

పెద్దాయన మేకువైపు చూశాడు. లాంతరు గాజు మెరుస్తోంది, బొట్టుతో సహా. దమయంతి తండ్రి ముఖం చూసి, చౌడప్పకు నిచ్చెన ఎక్కడుందో చూపించింది.

పని మొదలైంది. మొదట గూడు తీశారు. తర్వాత ఈతమట్టలు సరిపోక, ఇనుప తీగల బ్రష్షుతో రెండు రోజులు గీకారు. పన్నెండు బస్తాల మసి, నల్లటి పెంకులు. ఇన్నేళ్ళ తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. కాని చౌడప్పకు నమ్మకం కుదరలేదు. "లోపల నెర్రెలుంటాయి. పొగ పెట్టి చూడల్ల" అన్నాడు. నా నెత్తిన తడిగోనె కప్పి, నోట్లో నిప్పులు పెట్టి, దోసెడు సాంబ్రాణి వేసి, నోటికి రేకు అడ్డం పెట్టాడు. "ఇంగ ఇల్లంతా తిరిగి వాసన చూడండి."

సాంబ్రాణి దాచినా దాగదు. ముందు దేవుడి గూట్లోంచి, పటాల వెనకనుంచి తెల్లగా వచ్చింది. దమయంతి పటాలు తీసి చూపించింది. "ఇదే నాయనా, దేవుడు అందుకుంటాండేది."

తర్వాత పడకగది. అలమేలమ్మ మంచం గోడకు ఆనించి ఉంది. తలాపి దగ్గర పరుపు మీద పొగ సన్నగా పాకుతోంది. చౌడప్ప, పెద్దాయన కలిసి మంచం ఇవతలికి లాగారు. గోడమీద సున్నం నల్లగా, మూడు చోట్ల చారలు కట్టి ఉంది. ఆ నలుపు మధ్యలో దిండు ఆనిన మేర తెల్లగా, గుండ్రంగా మిగిలింది. అక్కడ అంటాల్సింది గోడకు అంటలేదు. ఎక్కడికి పోయిందో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

పెద్దాయన ఆ తెల్లటి చోట అరచెయ్యి ఆనించాడు. నా వీపు మీద ఒక మనిషి చెయ్యి అలా నిలవడం నాకదే మొదలు. కారణం ఏదైనా చెబుతాడేమో అని చూశాను. చెప్పలేదు.

ఆ తర్వాతి పనులన్నీ దగ్గరుండి ఆయనే చేయించాడు. నా నెర్రెలు పూడ్చారు. బెంగుళూరు నుంచి స్టీలు గొట్టం తెప్పించి, నా నెత్తిలోంచి నోటిదాకా దించారు. ఇటుకలకూ గొట్టానికీ మధ్య వేడి ఆపే పొడి నింపారు. పైన వాన పడకుండా రేకు టోపీ, పక్షులు దూరకుండా వల. చలిపొయ్యి పక్క గోడకు, బయటి గాలి రావడానికి కంత పెట్టారు. చౌడప్ప ఆ కంత చూపించి అన్నాడు:

"కింద గాలి రావల్ల, పైన పొగ పోవల్ల. రెండు దోవలూ లేకుంటే పొయ్యి మనుషుల ఊపిరి లాక్కుంటాది సామీ. దీన్ని మాత్రం ఎవురొచ్చి చలి అన్నా ముయ్యొద్దు."

దమయంతి గోడకు ఒక తెల్లటి చిన్న డబ్బా తగిలించింది. గదిలో ఆ కనపడని విషగాలి చేరితే అది కూతపెడుతుందట. నాకు రాని భాష దానికి వచ్చు. అది ముప్పై నాలుగేళ్ళ క్రితం ఉంటే ఎంత బాగుండేది.

నా సంగతి అడుగుతారేమో, ఇప్పుడు నాలోపల ఇంకొకరున్నారు. పొగ ఆ గొట్టంలోంచే పోతుంది, నా ఇటుకల్ని తాకదు. నేను వట్టి కవచాన్ని. బాధగా లేదు. నా గొంతు నాకు అప్పజెప్పినప్పుడు నేనేం చేశానో నాకు గుర్తుంది. నన్ను తుడవలేదని ఎన్ని ఫిర్యాదులైనా చెప్పుకోగలను. కాని ఆమె దగ్గు ఆ ఫిర్యాదులేవీ వినదు. పోయిన ఊపిరి పోయినట్టే. డాక్టరు అదే చెప్పాడట, ఉన్నది కాపాడుకోవడమే, పోయింది రాదని.

పనంతా అయ్యాక ఒక ఆదివారం పొద్దున దమయంతి తల్లిని తీసుకొచ్చింది. వీధి మెట్లు నాలుగే. వాటికి ఆమె రెండుసార్లు ఆగింది. లోపలికొచ్చి, చలిపొయ్యికి దూరంగా, తీసి ఉన్న కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. చేతిసంచి ఒళ్ళోనే పెట్టుకుంది. కింద పెట్టలేదు. అది ఆయన చూశాడు. నేనూ చూశాను.

ఆయన ఎండిన కట్టెలు రెండు పేర్చి వెలిగించాడు. పొగ మెలిక కూడా తిరగకుండా సూటిగా పైకి పోయింది.

"బాగా పోతాంది కదా పొగ."

"పోతాంది."

"చౌడప్ప మంచి పనోడు."

"ఊఁ."

"ఈ కంత కూడా నేనే దగ్గరుండి పెట్టిస్తి."

"చూస్తాండా."

ఆయన కట్టె ఒకటి ముందుకు తోశాడు. "ఆ మిస్సమ్మకు తెలుగు సరిగ్గా వచ్చింటే ఇంత దూరం..."

అలమేలమ్మ సంచి చేతికెత్తుకుంది. "దమయంతీ, మదనపల్లె బస్సెన్నింటికే?"

మంట చిటపటమంటోంది. ఆయన నా ముందు గొంతుక్కూర్చుని, తల వంచి, నిప్పులోకి చూస్తూ ఏదో గొణిగాడు. ఆ మాట గాలితో పాటు నా నోట్లోకి వచ్చి, గొట్టం గుండా పైకి పోయింది. నేను విన్నాను. బయట బస్టాపు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా విని ఉంటారు. వినాల్సిన మనిషికి మాత్రం అందలేదు. ఈ ఇంట్లో ఉత్తరాల సంగతి మీకు తెలుసు కదా.

"వినపళ్ళేదు" అంది అలమేలమ్మ. "గొట్టంతో చెప్తాండారా, నాతో చెప్తాండారా?"

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. మేకు నుంచి లాంతరు దించి, గోడవైపు తిప్పి నేలమీద పెట్టాడు. ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఈసారి చేతివైపు కాదు, కళ్ళవైపు చూశాడు.

"ఆ యమ్మ చెప్పింది లాంతరు గురించి కాదు. నువ్వు మూడో ఏడే చెప్తివి. నేను వినలేదు. తప్పు గాలిది కాదు, మంచుది కాదు, మీ అమ్మది కాదు. తప్పు నాది, అలమేలూ."